మబ్బు విడిపోతుందన్నాను

పాలం, ఢిల్లీ
మే 18

నా బంగారు అక్కకు,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. వారం రోజులుగా నువ్వు ఫోను ఎత్తడం లేదు. మొదటి రెండు రోజులూ ఉప్పు మడుల దగ్గర ఉన్నావేమో అనుకున్నాను. మూడోనాడు ఫోను ఉప్పునీళ్ళలో పడేసుకున్నావేమో అనుకున్నాను, నీకది అలవాటే గనుక. నిన్న బావగారు ఎత్తి, అక్క పడుకుందని చెప్పి పెట్టేశారు. పొద్దున పదకొండు గంటలకు నువ్వు పడుకోవడమేమిటి? నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పగటిపూట నువ్వు నడుం వాల్చగా నేను చూడలేదు. అప్పుడర్థమైంది, నీకు నామీద కోపమొచ్చిందని.

ఇక్కడ నలభై అయిదు డిగ్రీలు. కూలర్ ముందు కూర్చున్నా చెమట ఆరడం లేదు. కొళాయి తిప్పితే మరిగిన నీళ్ళు వస్తున్నాయి. మా పై క్వార్టర్‌లో ప్రత్యూష అని ఉంది, వాళ్ళది చీరాల. రోజూ నన్ను మెట్ల మీద ఆపి, మనవైపు భలే చల్లగా ఉందట, మే నెలలో దుప్పట్లు కప్పుకుంటున్నారట అని చెబుతుంది. వాళ్ళ తమ్ముడు వాడరేవు బీచ్‌లో తీసిన ఫోటోలు చూపిస్తుంది. ఆకాశమంతా బూడిద రంగు, కింద జనం మొక్కజొన్న పొత్తులు తింటూ నవ్వుతున్నారు. ఎంత అదృష్టవంతులో అంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఉప్పు మడి ముఖం చూడనివాళ్ళకు ఏం తెలుస్తుందక్కా, మే నెల చల్లబడితే ఎవరి కొంప మునుగుతుందో.

ఇక్కడి ఎండంతా ఊరికే పోతోంది. మొన్న పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి డాబా మీద పెట్టాను. సాయంత్రానికి నీళ్ళు ఇగిరి తెల్లగా ఉప్పు గింజ తేలింది. నా కూతురు సహస్ర చూసి, "మమ్మీ, యే క్యా కర్ రహీ హో?" అంది, ఏం చేస్తున్నావని. మీ పెద్దమ్మకు ఎండ కావాలే అన్నాను. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ ఈ మాట అర్థం కాలేదు. తలకు ఎండదెబ్బ తగిలిందనుకుని నాకు నిమ్మరసం కలిపి ఇచ్చింది.

అసలు సంగతికి వస్తాను. పదకొండో తారీఖు సాయంత్రం నువ్వు ఫోను చేశావు. "పన్నెండు రోజులైందే మబ్బు పట్టి. మడిలో పొర కట్టింది గానీ గింజ కట్టలా. ఇప్పుడు లాగి గట్టుకేస్తే పిండి ఉప్పు. ఉంచితే రెండెండలకి మంచి ఉప్పయిద్ది. మరిదిగారు ఏమంటున్నాడు, మబ్బు ఇడుద్దా?" అన్నావు. రేపటి నుంచి మూడు రోజులు ఎండ కాస్తుందట, ఉంచమని నేను చెప్పాను. తెల్లవారేసరికి వాన కొట్టింది. నాలుగు మడుల ఉప్పూ కరిగి కాలవలో కలిసిపోయిందని నిన్న బావగారు పెట్టేసే ముందు ఒక్క ముక్కలో చెప్పారు.

మీ మరిది చూసే పటాల్లో అలాగే కనిపించిందట అక్కా. ఎయిర్‌ఫోర్స్ వాతావరణ విభాగమైనా వాళ్ళూ మనుషులే కదా, ఒక్కోసారి లెక్క తప్పుతుంది. ఆయన కూడా చాలా బాధపడుతున్నారు.

ఈ ఏడు కూడా ఉప్పు పోతే మడులు రొయ్యల చెరువుకు ఇచ్చేస్తానని బావగారు ఉగాదినాడు అన్న మాట నాకు గుర్తుంది. కోపంలో అన్నారనే అనుకుంటున్నాను. చెరువు తవ్వితే ఆ నేలలో మళ్ళీ ఉప్పు పండదు. అవి నాన్న మడులు. నాన్న పోయాక పన్నెండేళ్ళ పిల్లవి పార పట్టుకుని నిలబెట్టిన మడులు. ఇంకా మే నెల అయిపోలేదు, మళ్ళీ నేల తొక్కి నీళ్ళు పెట్టవచ్చు కదా? పెట్టమని బావగారికి చెప్పు. నన్ను తిట్టడానికైనా సరే, ఒక్కసారి ఫోను ఎత్తు.

నీ చెల్లెలు
ఇంద్ర


పాలం, ఢిల్లీ
మే 29

అక్కా,

మొదటి ఉత్తరం అందిందో లేదో తెలియదు. స్పీడ్ పోస్ట్ చేయడానికి ద్వారక వెళితే కౌంటర్‌లో అతను "డాక్యుమెంట్ హై క్యా, దీదీ?" అని అడిగాడు. కాదు, చిట్ఠీ అన్నాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటన్నట్టు చూసి ముద్ర కొట్టాడు. అది నీకు చేరకపోయినా మంచిదే. అందులో అబద్ధం రాశాను.

నిన్న బావగారు ఫోను ఎత్తారు. ఈసారి పెట్టేయలేదు. "రొయ్యలోళ్ళకి మాటిచ్చేశానమ్మా. మూడో తారీఖున తవ్వే మిషను వస్తది" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. "నువ్వు ఢిల్లీ నుంచి చెప్పావు, మేం నమ్మాం, ఎవరేం చేస్తారులే" అన్నారు. ఆయన నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

అందుకని ఇప్పుడు నిజం రాస్తున్నాను. చదివాక నన్ను ఏమైనా చెయ్యి. మూడు రోజులు ఎండ కాస్తుందని మీ మరిది చెప్పలేదు. ఆ రోజే కాదు, ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నీకోసం ఏదీ చెప్పలేదు. నువ్వు మొదటిసారి అడిగినప్పుడు నేను వెళ్ళి ఆయన్ని అడిగిన మాట నిజం. ఆయన నవ్వి, "పాలంలో విమానం దిగేటప్పుడు మబ్బు ఎంత ఎత్తులో ఉందో చూడటం నా పని. మీ అక్క మడుల మీద మబ్బు సంగతి నాకేం తెలుస్తుంది?" అన్నారు. ఆ మాట నీకెలా చెప్పను? నువ్వు ఎంతో ఆశగా అడిగావు. ఎల్లుండి విడిపోతుందట అని నోటికొచ్చింది చెప్పేశాను. నా ఖర్మ కొద్దీ అది నిజమైంది.

తర్వాత నువ్వు ఉప్పు కొఠార్లో పనిచేసే అందరికీ చాటావు. మా చెల్లెలు ఢిల్లీ నుంచి కబురు చెబుతుందని. రెండేళ్ళ క్రితం ఊరు వచ్చినప్పుడు, గట్టు మీద ఎవరో ముసలావిడ నన్ను ఆపి, వాన సంగతి చెప్పే పిల్లవి నువ్వేనా అని చెంపలు నిమిరింది. నేను పొంగిపోయాను అక్కా. సిగ్గుగా ఉంది రాయడానికి. ఇంట్లో నేను ఎందుకూ పనికిరానిదాన్నని నీకు తెలుసు, పార పడితే అరగంటకే అరిచేతులు బొబ్బలెక్కేవి. అలాంటిదాన్ని ఇంతదూరం నుంచి మీ అందరికీ పనికొస్తున్నానని మురిసిపోయాను. అప్పటి నుంచి నువ్వు అడిగినప్పుడల్లా ఫోనులో కనబడే నాలుగు ఎండ, వాన బొమ్మలు చూసి, మనసుకు తోచింది మీ మరిది పేరు మీద చెప్పడమే.

పదకొండో తారీఖున మాత్రం నీ ఫోను రాకముందే ఆయన్ని అడిగాను. తెలియదు, అటూ కావచ్చు ఇటూ కావచ్చు, ఆ మాటే చెప్పు అన్నారు. చెబుదామనే నీ ఫోను ఎత్తాను. కానీ నీ గొంతు ఎప్పటిలా లేదు. మెల్లగా, ఎవరో పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడావు. నువ్వు ఆ ఎండలో నిలబడి చదివించబట్టి నేనిక్కడ ఫ్యాను కింద కూర్చున్నాను. తిరిగి నీకేమిచ్చాను? చీరలు కొన్నాను, నువ్వు కట్టనే లేదు. నీకు కావలసింది ఎండ ఒక్కటే, అది నా చేతిలో లేదు. ఎండ కాస్తుందనే మాటైనా ఇద్దామనుకున్నాను. ఆ మాటతోనే నీ మడులు పోగొట్టాను.

మీ మరిదికి నిన్ననే చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. కాసేపటికి వచ్చి, వాన ఎవరి చేతిలోనూ లేదు గానీ తెలియదని చెప్పడం నీ చేతిలో ఉంది కదా ఇంద్రాణీ అన్నారు. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నాకిప్పుడు ఏం చేయాలో తోచడం లేదు. రైలెక్కి వద్దామంటే ఏ ముఖం పెట్టుకుని రాను? వచ్చినా మిషనుకు అడ్డం పడుకోగలనా? నువ్వు నన్ను చచ్చిపో అన్నా సరే, ఏదో ఒకటి అను అక్కా.

పాపిష్టి చెల్లెలు
ఇంద్రాణి


మన ఊరు
జూన్ 6

ఇంద్రకి అక్క దీవించి రాయునది.

నీ ఉత్తరాలు రెండూ అందినయ్. నా అయిదో తరగతి రాతతో ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. మీ బావ బయటికెళ్ళినప్పుడల్లా కాస్త కాస్త రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. పాపిష్టి అని ఇంకెప్పుడూ రాయబాకు. చదవలేకపోయాను.

నీకు తెలియదని నాకు తెలుసే. మొదటి ఏడే తెలుసు. చిన్నప్పుడు పలక పగలగొట్టి మేక తొక్కిందని చెప్పావే, అప్పుడు ఎట్టా గబగబా మాట్లాడావో ఫోనులోనూ అట్టాగే మాట్లాడతావు. మరి ఎందుకు అడిగేదాన్నంటే, నీ గొంతు వినడానికి నాకు ఒక సాకు. అందరికీ చాటింది గొప్ప కోసం. మా చెల్లెలు ఢిల్లీలో ఉందని చెప్పుకోవడానికి.

ఇక ఆ సాయంత్రం సంగతి. నీతో మాట్లాడాక గట్టు మీదికి వెళ్ళాను. గాలి పడిపోయి ఉంది. సముద్రం హోరు మడుల దాకా వినబడుతోంది. ఆ రెండూ కలిస్తే వాన తప్పదని నాన్న నాకు పార పట్టడం కంటే ముందే నేర్పాడు. తెల్లవారక ముందే కొడుతుందని నాకు తెలుసు. అప్పటికింకా వెలుగుంది. ఇద్దరం దిగితే రెండు మడులన్నా లాగేవాళ్ళం. మీ బావ పార భుజాన వేసుకుని వచ్చి, ఏమంటావు, లాగుదామా అని అడిగాడు. చెల్లెలు ఎండ కాస్తదంది, ఉంచుదాం అన్నాను.

తెలిసే అన్నాను ఇంద్రా. నా నోటితో నేనే అన్నాను.

ఎందుకన్నానో నాకే సరిగా తెలియదు. అలిసిపోయాను. ముప్ఫై నాలుగేళ్ళు ఆకాశం చూశాను. మబ్బు పడితే భయం, ఎండ కాస్తే ఎన్నాళ్ళుంటుందోనని భయం. మా పిల్ల పెళ్ళిలో పీటల మీద కూర్చుని కూడా పైకి చూస్తూనే ఉన్నాను. నాన్న మడులు నేను వదిలేస్తానని నా నోటితో చెప్పలేను. ఈ ఏడు పోతే ఇచ్చేద్దామని మీ బావ అన్నాడు కదా, సరే పోనీ అనిపించింది. వాన మొదలైనప్పుడు లేచి కూర్చున్నాను. ఆయన చీకట్లో మడుల వైపు పరుగెత్తాడు. నేను కదల్లేదు. నాకు హాయిగా నిద్ర పట్టింది. అది తలుచుకుంటేనే ఇప్పుడు భయమేస్తోంది.

ఫోను ఎత్తకపోవడం కోపం వల్ల కాదు. నువ్వు నాకోసం ఏడుస్తావని తెలుసు, ఆ ఏడుపు ఏ ముఖంతో వినను?

మూడో తారీఖున మిషను వచ్చింది. మీ బావ పొద్దున మొదలు గట్టు మీదే నిలబడ్డాడు. ఆయనకు మడులంటే ప్రాణమని నాకు అంతవరకు తెలియలేదు. ఇల్లరికం వచ్చినవాడు, పరాయి మడులే కదా అనుకునేదాన్ని. మిషను మొదటి గట్టు తవ్వుతుంటే చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికొచ్చి నిన్ను తిట్టాడు. నీ చదువునీ, ఢిల్లీనీ, మరిదిగారి ఉద్యోగాన్నీ అన్నిటినీ తిట్టాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. నోరు విప్పలేదు.

చెప్పేద్దామని రెండుసార్లు ఆయన ఎదుటికి వెళ్ళాను. చెప్పలేను. చెబితే ఆయనకు నేను కూడా మిగలను. అందుకని ఈ నింద నువ్వే మొయ్యి తల్లీ. నిన్ను చదివించానని ఇన్నాళ్ళూ నీ దగ్గర ఏదీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను.

మబ్బు విడిపోయింది. నాలుగు రోజులుగా ఎండ బాగా కాస్తోంది.

ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

అన్నపూర్ణేశ్వరి


పాలం, ఢిల్లీ
జూన్ 12

శ్రీరాములు బావగారికి ఇంద్రాణి నమస్కారాలు.

అక్కకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఆమె కోపం న్యాయమే. మీకు కూడా ముఖం చూపించలేను గనుక రాస్తున్నాను. నేను చేసిన పని పూర్తిగా మీకు తెలియాలి.

ఆ సాయంత్రం అక్క నన్ను సలహా అడగలేదు. గాలి పడిపోయింది, సముద్రం హోరు మడుల దాకా వినబడుతోంది, వాన తప్పదు, ఇప్పుడే మీ బావ, నేను దిగి లాగేస్తాం అని చెప్పింది. నేనే వద్దన్నాను. పెద్ద పెద్ద యంత్రాలు చూసి చెబుతున్నాం, మీ గాలి కబుర్లు ఎవరిక్కావాలని ఎగతాళి చేశాను. లాగితే ఇంక నీతో మాట్లాడనని కూడా బెదిరించాను. నామీది ప్రేమ కొద్దీ నోరు మూసుకుని మీ దగ్గరికి వచ్చి ఉంచుదామంది. ఇవన్నీ మీతో చెప్పి ఉండదు, నన్ను మీరు తిడతారని.

నన్ను ఎంత తిట్టినా సరే, గడప తొక్కవద్దన్నా సరే. ఆమెను మాత్రం ఒక్క మాట అనకండి. మీ మడులు కాపాడాలనే చూసింది మా అక్క. పోగొట్టింది నేను.

ఇంద్రాణి