స్టాంపు మీద అమ్మ

అన్నయ్యకు, నేను క్షేమమే, కంగారు పడకు. నాన్న కంట పడకూడదని ఈ కార్డు ఇంటికి కాక నీ వర్క్‌షాపుకు రాస్తున్నాను.

నిన్న మా పోస్టాఫీసుకు కొత్త స్టాంపులు వచ్చాయి. కుష్టు రోగులకు సేవ చేసి, చివరికి తానూ ఆ రోగంతోనే కన్నుమూసిన సిస్టరును ఈ ఏడు పునీతురాలిగా ప్రకటించారు కదా, ఆవిడ జ్ఞాపకార్థం వేసినవి. పాత ఫోటోలోంచి తీసిన బొమ్మలో సిస్టరు ఒక రోగి పాదానికి కట్టు కడుతోంది. ఆ రోగి ముఖం చూసి చేతిలోని షీటు జారవిడిచాను. తెగిన చెవి తమ్మె, కనుబొమ మీద మచ్చ. మన అమ్మే! నాకు ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయిందని నాన్న చెప్పిన అమ్మ!

సాయంత్రం ఆ సిస్టరు సేవ చేసిన కుష్టు ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడున్న ఒక ముసలి సిస్టరు స్టాంపు చూడగానే అమ్మను గుర్తుపట్టింది.

"పదకొండేళ్లు మా దగ్గరే ఉందమ్మా. పేరేంటని అడిగితే ఇద్దరు పిల్లల తల్లిని అనేది, అంతే. నా జబ్బు సంగతి తెలిస్తే నా పిల్లల్ని ఎవరూ దగ్గరికి రానివ్వరని ఏడ్చేది" అంది.

మనం బడికి వెళ్లే రోజుల్లో అమ్మ బతికే ఉంది అన్నయ్యా! ఆసుపత్రి వెనక అమ్మ సమాధి చూపించారు, దాని మీద నంబరు తప్ప పేరు లేదు.

నాన్నను అప్పుడే ఏమీ అడగకు. నీకు ముందే తెలుసా? తెలిస్తే కార్డులో రాయకు, ఆదివారం వచ్చి నా ముఖం చూసి చెప్పు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదానికి నా ముద్దులు.

రాళ్లు చెక్కేవాణ్ణి మాట్లాడాను. అమ్మ పేరు నువ్వే దగ్గరుండి చెక్కించాలి.

నీ చెల్లెలు