వాల్టర్ తొడిగిన కోటు

సౌత్ డకోటా, 22-11-82

వదినకు దామోదర్ నమస్కారాలు. నిన్న ఫోన్ మధ్యలోనే పెట్టేశాను. కంగారు పడకండి, నాకేమీ కాలేదు.

మొన్న శనివారం మా హాస్పిటల్ డాక్టర్లు ఈ కార్డు మీద బొమ్మలో ఉన్న పక్షుల వేటకు వెళుతుంటే తోడు వెళ్లాను. జింకల సీజన్ కూడా ఇప్పుడే. దూరానికి మనిషని తెలిసేలా అందరూ నారింజరంగు కోటు వేసుకోవాలట. నేనేమో మీరు అల్లిన గోధుమరంగు స్వెటర్‌తో దిగాను. మా గైడ్ వాల్టర్, అరవై దాటిన మనిషి, నవ్వాడు.

“డాక్, ఈ గడ్డిలో నువ్వు అచ్చం జింకలా ఉన్నావు. నాకేం కాదులే, నలభై ఏళ్లుగా నన్నెరిగిన గడ్డి ఇది” అంటూ తన కోటు విప్పి నాకు తొడిగాడు.

గంట తిరక్కుండానే, కూలిన పక్షి కోసం ఆయన గడ్డిలో వంగితే, పక్క పొలంలోని వేటగాడెవరో జింక అనుకుని కాల్చాడు. డాక్టర్నయి ఉండీ ఆయన్ని బతికించలేకపోయాను.

మీ స్వెటర్‌ది తప్పు కాదు, మనసులో పెట్టుకోకండి. అన్నయ్య షుగర్ పరీక్ష చేయించుకున్నాడా? చంటిదాని జ్వరం తగ్గిందా? పిల్లలకు నా ముద్దులు.

కార్తీకం వెళ్లేలోగా శివాలయంలో వాల్టర్ పేరున దీపం పెట్టించండి. పూజారి గోత్రం అడిగితే మనదే చెప్పండి.