మొద్దుకు మేడగది

న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతూ, రేపు ఉదయం గుండె ఆపరేషనుకు వెళ్లనున్న నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహతో, అంతకు మించిన కోపంతో రాస్తున్న వీలునామా ఇది. కోపం వల్ల మతి చలించిందని ఎవరైనా వాదిస్తే, కార్యనిర్వాహకురాలిగా నేను నియమిస్తున్న వకీలు పిన్ని జవాబు చెబుతుంది.

1. మేడగది. “తెలివైన మనవరాలికి” అంటూ నాయనమ్మ దాన్ని నా పేర రాసింది. ఆ తెలివిని తేల్చింది ఆరేళ్లప్పుడు బడిలో పెట్టిన అరగంట పరీక్ష. ఆ ఫలితానికి నాన్న పటం కట్టించారు. రెండేళ్ల తరువాత అదే పరీక్షలో సగం ప్రశ్నలు వదిలేసిన చెల్లెలికి “మొద్దు” అనే పేరు స్థిరపడింది. నాకు బల్ల, దీపం, కిటికీ. దానికి వంటగదిలో గ్యాస్ బండ పక్కన ఇంత చోటు. సదరు గదిని సర్వహక్కులతో చెల్లెలికి దఖలు పరుస్తున్నాను. నర్సింగ్ ప్రవేశపరీక్ష అది మూడోసారి రాయబోతోంది. “చాల్లేవే, నీ బుర్రకి ఎక్కదు. కుట్టుపని నేర్చుకో” అన్న నాన్న తీర్పు ఆ గడప లోపల చెల్లదు.

2. నాన్నకు ఆ పటం, మేకుతో సహా. నాకు మొదటిసారి లెక్క తప్పినప్పుడు ఆయన “నువ్వు కూడానా?” అన్నారు. ఆ ఒక్క మాటతో గణితం వదిలేసి, ఓడిపోనని నమ్మకమున్న వాదవేదిక ఎక్కాను. మేధావినని చెప్పి నా దగ్గర్నుంచి తప్పు చేసే హక్కు లాక్కున్నారు.

3. ప్రధానోపాధ్యాయుడికి ఏమీ లేదు. పిల్లల్ని మెరికలు, మిగతావాళ్లు అని రెండు గదుల్లోకి విడగొట్టిన ఆ పెద్దమనిషే ఇప్పుడు “సాధన చేస్తే తెలివి పెరుగుతుంది” అని గోడల నిండా రాయించాడు. సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. మిగతావాళ్ల గదికి లెక్కల మాస్టారినే వేయకుండా, పిల్లలకు పట్టుదల లేదనడం మోసం.

4. అమ్మకు నా ఉన్ని శాలువా. నా చదువు చెడుతుందని ఇన్నేళ్లు చప్పుడు లేకుండా గిన్నెలు తోమింది. ఇక ఇష్టమొచ్చినంత గట్టిగా తోముకోవచ్చు.

5. వీలునామా నేను పోయాకే అమల్లోకి వస్తుంది. అంటే నేను బతికితే చెల్లెలు మళ్లీ గ్యాస్ బండ పక్కకే. అందుకు ఒప్పుకోను. పిన్ని ఈ మధ్యాహ్నం రిజిస్ట్రారును ఆసుపత్రికే రప్పించింది; మేడగదికి దానపత్రం రాసి సంతకం చేశాను. ఒకటో నిబంధన దానికి కాపలా మాత్రమే. నేను ఇంటికి తిరిగొస్తే, తలుపు తట్టి, చెల్లెలు రమ్మంటేనే లోపలికి వెళ్తాను.

తేదీ: మార్చి పద్నాలుగు, సాయంత్రం.

సంతకం: అక్క

సాక్షులు: వార్డు నర్సు, పక్క మంచం మీది రిటైర్డు రైలు డ్రైవరు. లబ్ధిదారు కనుక చెల్లెలిని వరండాలో కూర్చోబెట్టాము. చదువుకుంటోంది.