మూగతల్లి వేషానికి రష్యా నటి

భిలాయి, 8–1–1963

పూజ్యులైన గణపతిరావు మావయ్యకి చిన్నారావు నమస్కారాలు.

మా ఆంధ్రా సంఘం నాటకానికి ఇన్నాళ్ళకి నటి దొరికింది. రష్యా ఆవిడ, పేరు లిడియా. నా డ్యూటీ అవగానే రోజూ నా క్వార్టరుకే వస్తోంది. కళ్ళతోనే మాట్లాడుతుంది. ఆవిడ ముందు నాకు నోట మాట రావడం లేదు.

మీ మేనల్లుడు,
చిన్నారావు

తా.క.: కుసుమకి చెప్పండి. సంతోషిస్తుంది.

బొబ్బిలి, 15–1–1963

చి. చిన్నారావుకి మావయ్య ఆశీస్సులు.

మీ అత్త పోలమ్మ మంచం దిగలేదు. "ఏటండీ, పెళ్ళి కావలసినోడి ఇంటికి నాటకాల మనిషి రావడమేటి?" అంటోంది. ఫాల్గుణంలో కుసుమని నీకిచ్చి చెయ్యాలనుకున్నవాణ్ణి. ఆవిడెవరో, ఎన్నేళ్ళ మనిషో వెంటనే రాయి.

గణపతిరావు

తా.క.: కుసుమకి నేను చెప్పలేదు. నా కళ్ళజోడు విరిగింది. నీ ఉత్తరం తనే చదివి వినిపించింది.

భిలాయి, 22–1–1963

మావయ్యకి నమస్కారాలు.

కంగారు పడకండి. లిడియా గారు చాకిరేవు పని మాని పదహారో ఏట సినిమాల్లో చేరారట. తొమ్మిదేళ్ళలో ఇరవయ్యారు సినిమాలు! గుర్రం మీంచి నిజంగానే దూకి, చెయ్యి విరిగినా ఏడవకుండా షాటు పూర్తి చేశారట. ఎంతో బతిమాలితే తల్లి అవడానికి ఒప్పుకున్నారు. ఫిబ్రవరి మూడుకి ముహూర్తం.

చిన్నారావు

తా.క.: ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. ఆపి మరీ అభినందిస్తున్నారు.

బొబ్బిలి, 29–1–1963

చిన్నారావుకి,

ఆశీస్సులు లేవు. పదహారూ తొమ్మిదీ ఇరవయ్యైదు. ఆపాటి లెక్క నాకొచ్చు. ఆడది తల్లి అవడానికి ముహూర్తం పెట్టినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. పెళ్ళి ఆపేశాను. కుసుమ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. మూడో తారీఖున మీ పక్కనున్న దుర్గ్ స్టేషన్లో దిగుతున్నాను.

గణపతిరావు

తా.క.: పసిబిడ్డకి మెత్తటి పాతచీరలు పట్టుకెళ్ళమంటోంది మీ అత్త. నేను తేను.

భిలాయి, 6–2–1963

మావయ్యకి నమస్కారాలు.

నాటకం మధ్యలో మీరు స్టేజీ ఎక్కి, "ఏదిరా ఆ మనిషి?" అని కొడుకు వేషంలో ఉన్న నా చొక్కా పట్టుకోగానే నాకు ప్రాణం పోయినంత పనైంది. నా మూగతల్లి వేషంలో ఉన్న యాభై ఎనిమిదేళ్ళ లిడియా గారు మిమ్మల్ని ఒక్క క్షణం చూశారు. మీ పిడికిలి నెమ్మదిగా విప్పి, ఆ చేతిని నా తలమీద పెట్టి, మీ కాళ్ళ దగ్గర కూలబడ్డారు. మీరు ఏడ్చారు. నాటకమే అనుకుని జనమంతా ఏడ్చారు. తెర పడేసరికి మీరు లేరు.

మాటల సినిమాలు రాగానే ఆవిడ నత్తి బయటపడి, స్టూడియోవాళ్ళు ఇక నటించొద్దన్నారట. ముప్పయ్యేళ్ళు అదే స్టూడియోలో వేరే నటీమణులకి గౌన్లు కుట్టారు. ఆవిడ కొడుకు మా ఉక్కు కర్మాగారం ఫర్నేసులో ఇంజినీరు. ఇవన్నీ ముందే రాయనందుకు క్షమించండి. జనం అడుగుతుంటే నాటకం మళ్ళీ వేస్తున్నాం. పెళ్ళి మాట ఏం చేశారు?

చిన్నారావు

తా.క.: లిడియా గారు అడిగించారు: "ఆయన ఏ స్టూడియో మనిషి?"

బొబ్బిలి, 13–2–1963

చి. చిన్నారావుకి అనేక ఆశీస్సులు.

తాలూకా ఆఫీసులో ముప్పయ్యేళ్ళుగా అందరినీ కసురుతున్నాను. ఈసారి నా కోపం వెనక ఉన్నది పిల్ల ఏమైపోతుందోనన్న బెంగేనని ఎవరికీ తెలియలేదు. ఆవిడ ఒక్క చూపులో పట్టేశారు. అందుకే తెర పడకముందే వచ్చేశాను. పెళ్ళి ఖాయం. కుసుమ అంతా విని, "నాన్నా, నువ్వు అంత పనీ సేసేవా?" అని కడుపుబ్బ నవ్వి, రెండుసార్లు వడ్డించుకుంది.

మావయ్య

తా.క.: నాటకం మళ్ళీ వేస్తారట కదా. స్టేజీ ఎక్కే మావయ్య వేషం ఇంకెవరికీ ఇవ్వకండి, సెలవు పెట్టేశాను. రోజూ అద్దం ముందు కోప్పడి చూస్తున్నాను గానీ, అప్పటి కోపం రావడం లేదు. ఏం చెయ్యాలో ఆవిణ్ణి అడిగి రాయి.