గొంతుక్కూర్చున్న మీ అమ్మ

జువ్వలదిన్నె,
12-8-2025.

చిరంజీవి వనజాక్షికి నాయనమ్మ ఆశీస్సులు.

ముందుగా క్షేమ సమాచారం రాయాలి గనక రాస్తున్నాను. నాకు ఒంట్లో బాగానే ఉంది. మీ అమ్మ సంగతి ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది. ఫోనులో అయితే మధ్యలో అడ్డుపడతావు, అందుకే కాగితం.

నెల్లూరులో నువ్వు నేర్పే వ్యాయామంతో నాకు పేచీ లేదు. మడమలు నేలకు ఆనించి, గొంతుక్కూర్చుని, ఊపిరి మెల్లగా వదలమంటున్నావు. కుర్చీలకు అలవాటుపడి నడుములు బిగుసుకున్న వాళ్లకు అది మంచిదే. నేనూ ఆకుకూర ఏరేటప్పుడు అలాగే కూర్చుంటాను. కాళ్లు లాగితే లేస్తాను.

మీ అమ్మకు ఆ వీలు లేదు. రొయ్యల షెడ్డులో కుప్ప చుట్టూ ఆడవాళ్లు గొంతుక్కూర్చుని తలలు తీస్తారు. కూలి తూకాన్ని బట్టి. మధ్యలో లేచిన మనిషి చోటులోకి పక్కామె జరుగుతుంది. తిరిగొస్తే అంచున చిన్న రొయ్యలే మిగులుతాయి. అందుకని కుప్ప అయ్యేదాకా ఎవరూ లేవరు. కింద తడి నేల, ఐసు నీళ్లు. నీ చదువు ఆ కూలితోనే సాగింది.

నిలబడి పని చేసుకోవడానికి బల్లలు వేయించమని వాళ్లంతా అడిగారు. అర్జీ రాసిపెట్టింది నేనే. షెడ్డు యజమాని కామాక్షయ్య సరేనన్నాడు కూడా. అంతలో నువ్వు వచ్చి, కుప్ప దగ్గర మీ అమ్మను వీడియో తీసుకుని పోయావు. మా అమ్మ రోజంతా ఇలాగే కూర్చుంటుంది, మోకాళ్ల నొప్పి అంటే ఏమిటో ఆమెకు తెలియదు అని దాని కింద రాశావు. ఎవరిని అడిగి రాశావు?

నిన్న కామాక్షయ్య దాన్ని షెడ్డులో అందరికీ చూపించాడట. మీ అమ్మను ముందుకు పిలిచి, నీ కూతురు రాసింది నిజమా, అబద్ధమా, నీకు మోకాళ్లు నొప్పా అని అడిగాడట. నొప్పి లేదని చెప్పింది. అతను అర్జీ మడిచి వెనక్కి ఇచ్చేసి, పట్నంలో డబ్బు కట్టి చేసే వ్యాయామం మీకు ఊరికే వస్తుంటే ఎందుకు పోగొట్టుకుంటారమ్మే అని నవ్వాడట.

సాయంత్రం, కుప్ప దగ్గర మీ అమ్మ పక్కన కూర్చునే మస్తానమ్మ వచ్చి గడప అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేం అడిగింది నీ మోకాళ్లు చూసే గదా రాఘవమ్మక్కా. మా నోరు నువ్వే మూసేస్తివే" అని మీ అమ్మను అనేసి వెళ్లిపోయింది.

ఈ రోజు కుప్ప దగ్గర మీ అమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎందుకు అబద్ధం చెప్పావని నేను గట్టిగానే అడిగాను. ఉప్పు మూట వేడి చేసి మోకాళ్లకు కాపుకుంటూ కూర్చుంది.

నీ వీడియోను చాలామంది మెచ్చుకున్నారని విన్నాను. నన్ను ఆ లెక్కలో కలుపుకోవద్దు.

ఇట్లు,
నీ నాయనమ్మ,
ధనలక్ష్మి.

తా.క.: ఉత్తరం మడుస్తుంటే మీ అమ్మ నోరు విప్పింది. "నొప్పని చెప్తే నా బిడ్డ అబద్ధాలకోరు కాదా అత్తా? రేపు దాని దగ్గర నేర్చుకునేదెవురు?" అంది. ఆ రోజు వీడియో అయిపోయాక తాను లేవలేకపోతే, చంకల కింద చేతులు వేసి లేపింది నువ్వేనని కూడా ఇప్పుడే తెలిసింది. అంటే తెలిసే రాశావు. ఇది నీకు రాయనని ఒట్టు వేయమంది. నేను వేయలేదు. షెడ్డుకు వచ్చి ఆ ఆడవాళ్లందరి ముందు నిజం నువ్వే చెప్పు. మీ అమ్మ చెప్పదు.