వెళ్ళొస్తామన్నందుకు

మోంటానా, జులై 2011

సరళ వదినగారికి,

నా నడుం తప్ప ఇద్దరం క్షేమం. మీ తమ్ముడి బైక్ వెనక కూర్చుని రోజంతా గడ్డి కొండలూ ఆవుల మందలూ చూస్తున్నాను. అందంగానే ఉన్నాయి, నాకే చూసే ఓపిక లేదు.

నిన్న వడగళ్ళు పడితే ఒక పశువుల రాంచ్‌లో ఆగాం. డోరతీ అని, ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ. తువ్వాళ్ళిచ్చి కాఫీ పెట్టింది. బయల్దేరుతూ మన అలవాటు కొద్దీ “వుయ్ విల్ గో అండ్ కమ్” అన్నాను. మోటెల్‌లో నడుం వాల్చానో లేదో, మీ తమ్ముడిచ్చిన నంబర్‌కి ఆవిడ ఫోన్. “ఇంకా రాలేదేం? మాంసం తినరన్నారని దుంపలు ఒవెన్‌లో పెట్టాను. పక్కలు కూడా వేశాను.”

“నీ ఇంగ్లీషు తగలెయ్య” అని గొణుక్కుంటూ మీ తమ్ముడు బైక్ వెనక్కి తిప్పాడు.

కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తున్నారా? మావాడు నీరజ్ వేళకి తింటున్నాడా? ఫోన్‌లో అడిగితే అన్నిటికీ “ఫైన్” అంటాడు. వాడికి నా ముద్దులు.

ఆవిడ వంటింట్లో కూర్చునే ఇది రాస్తున్నాను. బైక్ స్టార్టయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. “ఈసారి వెళ్తున్నాం అని మాత్రమే చెప్పు” అంటున్నాడు మీ తమ్ముడు. ఆ ఒక్క మాటకే నాకు నోరు రావడం లేదు వదినా.

మీ జయంతి