చెయ్యి అంటే ఎక్కడిదాకా

బుధవారం రాత్రి

పంజాగుట్ట షాపులో "చెయ్యి నొస్తుంది అన్నా, దానికి తగిన టెన్నిస్ రాకెట్ చూపియ్యి" అన్నాను. అతను నా అరచెయ్యి చూసి లావు పిడి ఉన్నది తీసిండు. నొచ్చేది మోచెయ్యి. భుజం నుంచి వేళ్లదాకా మనకు అంతా చెయ్యే కదా, అతన్ని ఏమనాలి? మళ్లీ వివరంగా చెప్తే, దెబ్బ అదురు చేతికి రానియ్యని మెత్తటి ఫ్రేమున్నది ట్రయల్‌కిచ్చిండు.

సాయంత్రం యూసుఫ్‌గూడ కోర్టులో దాంతో ఆడితే మోచెయ్యి ఒక్కసారి సుత జివ్వుమనలేదు. కానీ బంతిలో నా జోరు లేదు. నా డబుల్స్ జోడీ మౌనిక నవ్వింది.

"ఏందే, బంతిని కొడుతున్నవా, బుజ్జగిస్తున్నవా? ఆదివారం మ్యాచ్‌కు పాతదే తే. ఒక్కరోజు ఓర్చుకో."

సరేనని వచ్చేశాను. రూంలో పాతది పట్టుకుని ఊరికే గాల్లో ఊపితేనే నొప్పి మణికట్టు దాకా పాకింది. అయినా భయం నొప్పి గురించి కాదు. నా దెబ్బ చూసే కదా ఆమె నన్ను జోడీగా తీసుకుంది. అది లేకపోతే... కానీ ఈ మోచెయ్యి పాతదాన్ని ఓర్చుకునేలా లేదు.

"కొత్తదే తెస్తా. స్పీడ్ తగ్గుతుంది, నెట్ దగ్గర నువ్వే జర చూస్కో" అని మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబు లేదు. కోపమొచ్చిందో, నిద్రొచ్చిందో.